అలసట పరీక్షకు అరవై నమూనాలు

హుస్సేనీ ఆలం,
జూన్ 12.

ప్రయోగశాలల విభాగం సూపరింటెండెంట్ బాబురావు గారికి,

నమస్కారం. ఇకమీదట ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉండాలని, ఇంగ్లిషులో వచ్చినవాటిని చదవకుండా వెనక్కి పంపుతామని మీ సర్క్యులర్ అందింది. అందుకే నిఘంటువు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. నేను చదివిన కాన్వెంటులో తెలుగు మాట్లాడితే బెంచీ మీద నిలబెట్టేవారు. తప్పులుంటే మన్నించండి.

నేను మన విశ్వవిద్యాలయం మెకానికల్ శాఖలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. చేరి పది నెలలైంది. పాత భవనం కింది అంతస్తులో ఉన్న పదార్థాల పరీక్షశాల నా బాధ్యత. కొత్త పాఠ్య ప్రణాళికలో అలసట పరీక్ష తప్పనిసరి చేశారు. మా దగ్గర అలసట పరీక్షా యంత్రం లేదు. నిజానికి ఆ పరీక్ష పాత ప్రణాళికలోనూ ఉంది. యంత్రం పద్దెనిమిదేళ్ల కిందట పాడైంది. తర్వాత దాన్ని ఎవరో తీసుకెళ్లారు. అప్పటినుంచి పిల్లలు ఒక పాత రికార్డు పుస్తకంలోని అంకెలనే దించుకుంటున్నారు. పద్దెనిమిది బ్యాచులకూ జవాబు ఒకటే: రెండు లక్షల పన్నెండు వేలు. ఆ అంకెను మొదట ఎవరు చూశారో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఒక యంత్రం, అరవై నమూనాలు మంజూరు చేయగలరు. ముప్ఫై మెత్తటివి, ముప్ఫై గట్టివి కావాలి. పరీక్ష కష్టమైనది కాదు. ప్రతి నమూనాను నడుము దగ్గర సన్నగా చేసి, ఒక కొసను బిగించి, రెండో కొసకు బరువు వేలాడదీసి, నిమిషానికి పద్నాలుగు వందల నలభై సార్లు తిప్పుతాం. నమూనాలు తిరిగి తిరిగి చివరికి విరుగుతాయి. ఏది ఎంతసేపు ఓర్చుకుందో పిల్లలు రాసుకుంటారు.

ప్రయోగాలు నడవని గదులను జులై 31న పరీక్షల విభాగానికి అప్పగించి, వాటిలో పాత జవాబు పత్రాల మూటలు పెడతారని తెలిసింది. మా గది ఆ జాబితాలో ఉంది. గది పోతే నా కాంట్రాక్టు కూడా పోతుంది. దయచేసి త్వరగా చూడగలరు.

అనుమతి కోసం ఎదురుచూస్తూ,
జె. స్వీటీ

తా.క.: మా ల్యాబ్ అటెండర్ ఇస్సాకు గారికి ఈ ఉత్తరం చదివి వినిపించాను. "మేడమ్, ఇంత మంచిగ రాస్తే ఆఫీసోళ్లకు అర్థం గాదు" అన్నారు. మెచ్చుకున్నారనుకుని అలాగే పంపుతున్నాను.

•

ప్రధాన కార్యాలయం,
జూన్ 24.

కుమారి జె. తీపి గారికి,

మీ ఉత్తరం అందినది. అధికార భాష అమలులో భాగంగా పేర్లను సైతం తెలుగులోనే రాయుచున్నాము. గమనించగలరు.

అలసట అనునది శారీరక విషయమైనందున మీ ఉత్తరం ప్రతిని ఆరోగ్య కేంద్రానికి పంపడమైనది. అరవై నమూనాలు అనగా విద్యార్థులా, సిబ్బందియా అన్నది మీరు స్పష్టం చేయలేదు. ఎవరైనప్పటికీ వారిని నడుము దగ్గర సన్నగా చేయుట, బరువు వేలాడదీయుట, విరుగువరకు తిప్పుట ర్యాగింగ్ నిరోధక నిబంధనలకు విరుద్ధము. పాఠ్య ప్రణాళికలో ఉన్నదన్న కారణం చెల్లదు. రెండవ ప్రతిని ర్యాగింగ్ నిరోధక సంఘానికి పంపడమైనది.

మరియొక విషయము. నమూనాలు "విరుగుతాయి" అని రాసినారు. మనుషుల విషయంలో "విరుగుతారు" అని రాయుట మర్యాద.

నమూనాల పేర్లు, వయసు, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు జతపరిచి తిరిగి రాయగలరు.

ఫైలు తెరిచి ఉంచుతూ,
బాబురావు, సూపరింటెండెంట్

తా.క. (చేతిరాత): మేడమ్, మెత్తటోళ్లు ముప్ఫై మంది అంటే మా సెక్షన్ల సుత దొరుకుతరు. గట్టోళ్లే లేరు. అందరు ఎప్పుడో అలిసిపోయిన్రు.

•

హుస్సేనీ ఆలం,
జూన్ 27.

బాబురావు గారికి,

నా పేరు స్వీటీ. మా నాన్న జోయెల్ గారు బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. దాన్ని అనువదించవద్దని కోరుతున్నాను.

నమూనాలు మనుషులు కావు, ఇనుప కడ్డీలు. వాటికి తల్లిదండ్రులు లేరు. వయసు కనుక్కుందామని ఇనుప దుకాణంలో అడిగాను. దుకాణం ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు.

నేను సరిగా రాయలేదేమో, మళ్లీ చెబుతాను. ఇనుము కూడా అలసిపోతుంది. ఒకేసారి పెద్ద బరువు వేస్తే తట్టుకునే కడ్డీ, చిన్న బరువు లక్షసార్లు పడితే తట్టుకోలేదు. పైకి ఏమీ కనిపించదు. లోపల వెంట్రుకంత పగులు మొదలై రోజూ కొంచెం పెరుగుతుంది. ఒకరోజు, నిన్నటికంటే బరువేమీ పెరగకుండానే, విరిగిపోతుంది. వంతెనలు, ఇరుసులు ఇలాగే పోతాయి. ఇంజనీరు కాబోయే పిల్లలు దీన్ని ఒక్కసారైనా కళ్లారా చూడాలి. మా ఇబ్బంది అంతా ఇనుముతోనే. యంత్రం, తగినంత ఇనుము లేకపోవడం వల్లే అలసట సమస్య వచ్చింది.

ర్యాగింగ్ నిరోధక సంఘం నుంచి ఇద్దరు నిన్న వచ్చారు. మూడో సంవత్సరం చదివే ఆశ్రితను పక్కకు పిలిచి, నిన్నెవరైనా తిప్పారా అని అడిగారు. బస్ పాస్ మీద సంతకం కోసం మీ ఆఫీసువాళ్లు నాలుగు రోజులు తిప్పారని చెప్పింది. దాన్నే ఫిర్యాదుగా రాసుకుని వెళ్లారు.

జులై 31 దగ్గరపడుతోందని గుర్తుచేస్తూ,
జె. స్వీటీ

తా.క.: "విరుగుతారు" అన్న మాట గురించి ఆలోచించాను. నా విషయంలో వాడవలసి వస్తే అదే వాడతాను.

•

ప్రధాన కార్యాలయం,
జులై 15.

కుమారి జె. తీపి గారికి,

మీ శాఖలో తగినంత ఇనుము లేనందువలన అలసట కలుగుచున్నదని మీ రెండవ ఉత్తరం ద్వారా నిర్ధారణ అయినది. దానిని చూసి ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి అరవై మందికి నెలకు సరిపడా, అనగా పద్దెనిమిది వందల ఐరన్ మాత్రలు మంజూరు చేసినారు. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే పెట్టె ఇచ్చి పంపుచున్నాము. మాత్రలు భోజనం తర్వాత వాడవలెను. అప్పటికీ విరిగిన నమూనాలు ఉన్నచో ఎముకల డాక్టరుకు చూపవలెను.

పేరు సవరణకు పదవ తరగతి ధ్రువపత్రం నకలు, "స్వీటీ" అనగా "తీపి" ఎందుకు కాదో వివరిస్తూ మూడు వాక్యాలు జతపరచవలెను. పదిహేను పనిదినాలు పట్టును.

ఫైలు తెరిచి ఉంచుతూ,
బాబురావు, సూపరింటెండెంట్

తా.క. (చేతిరాత): ఇనుము సుత అలుస్తదని రాసిన్రు చూడు, అది రెండుసార్లు చదివిన. ముప్ఫై ఒక్క ఏండ్ల సర్వీసు నాది. ఇనుము నయ్యం, దానికి రిటైర్మెంట్ డేటు తెల్వది.

•

హుస్సేనీ ఆలం,
జులై 24.

బాబురావు గారికి,

మాత్రలు అందాయి. పద్దెనిమిదేళ్లలో ఈ ప్రయోగశాలకు వచ్చిన కొత్త సామగ్రి ఇదొక్కటే. ఎక్కడ రాయాలో తెలియక ఇస్సాకు గారు స్టాకు పుస్తకంలో "లోహాలు" అన్న పేజీలో రాశారు.

మీ తాజా కలం చదివితే నా మాట అర్థమైనట్టే ఉంది. ఉత్తరం చదివితే కానట్టు ఉంది. రెండూ ఒకరే రాస్తున్నారా?

ఇంకా వారం రోజులే ఉంది. నిన్న పరీక్షల విభాగంవాళ్లు వచ్చి గది కొలిచారు. ఎన్ని మూటలు పడతాయో చూసుకుని, సుద్దముక్కతో నేల మీద గీతలు గీశారు. వాళ్లు వెళ్లాక పిల్లలు ఆ గీతల మధ్యే నిలబడి రికార్డు రాసుకున్నారు, రెండు లక్షల పన్నెండు వేలని. వానకు గోడలు చెమ్మెక్కి ఉన్నాయి. జవాబు పత్రాలు ఇక్కడ ఆర్నెల్లు కూడా నిలవవు. ఆ మాట వాళ్లకు చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. ఎదుటి మనిషితో గట్టిగా మాట్లాడటం నాకు రాదు. మీకు ఫోను చేయమని అందరూ అంటున్నారు. అదీ రాదు. ఉత్తరం ఒక్కటే వచ్చు.

ఇస్సాకు గారు మాత్రం ఆ తర్వాత చాలాసేపు గీతల మీద పచార్లు చేసి, సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మేడమ్, గీ మిషన్ల ఏముంది? తిప్పుడే గద. ఒక్క మోటరు దొరికితె సాలు, నేను జేస్త."

"మోటారు ఎవరిస్తారు?"

"మన బాలనర్సింహ లేడా, పాలాయన. బర్ల కొట్టంల గడ్డి కోసే మిషన్ మూలకు పడ్డది. ఫికర్ జెయ్యకుండ్రి. మీరు ఆఫీసుకు మాత్రం రాయకుండ్రి."

నేను నియమం ప్రకారం నడుచుకునే మనిషిని కాబట్టి రాస్తున్నాను. గడ్డి కోసే మిషన్ మోటారును ప్రయోగశాలలో వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలరు.

వారం రోజుల్లో జవాబు వస్తుందన్న ఆశ లేకుండానే,
జె. స్వీటీ

తా.క.: ఇస్సాకు గారి భార్య ఆగమ్మ గారు అయిదు రోజులుగా ఆ మాత్రలు వాడుతున్నారు. ఇప్పుడు ఆగకుండా మూడంతస్తులు ఎక్కుతున్నారట. మీ ఆఫీసు వల్ల ఒకరికి మేలు జరిగిందని రాయడానికి నా దగ్గర ఇదొక్కటే ఉంది.

•

ప్రధాన కార్యాలయం,
ఆగస్టు 8.

కుమారి జె. తీపి (సవరణ పరిశీలనలో) గారికి,

మోటారు గేదెలకు సంబంధించినదని మీరే తెలియజేసినారు. కావున పశువులపై ప్రయోగాలను పర్యవేక్షించు సంఘం అనుమతి అవసరము. గేదెలు ఎన్ని, అవి అలసట పరీక్షలో పాల్గొనుచున్నవా, పాల్గొనని పక్షంలో ఎందుచేత అన్నది తెలుపవలెను.

ఇది తేలువరకు గదిలోని ఏ వస్తువునూ కదల్చరాదు. బయటి వస్తువు ఏదియూ లోపలికి తేరాదు.

ఫైలు తెరిచి ఉంచుతూ,
బాబురావు, సూపరింటెండెంట్

తా.క. (చేతిరాత): ఆగమ్మకు నయమైందంటే సంతోషం. నాకు సుత ఒక పట్టీ పంపరాదా మేడమ్. మెట్లెక్కితే దమ్మొస్తది.

•

హుస్సేనీ ఆలం,
ఆగస్టు 30.

బాబురావు గారికి,

గేదెలు పదకొండు. పరీక్షలో పాల్గొనడం లేదు. ఎందుచేతనో అవి చెప్పలేదు.

జులై 31న గది కోసం ఎవరూ రాలేదు. ఆగస్టు పదిన మూటల బండి వచ్చింది. ఏ వస్తువునూ కదల్చరాదన్న మీ కాగితం ఇస్సాకు గారు బండివాళ్ల ముందు పెట్టారు. వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూటలతోనే వెనక్కి వెళ్లారు. పొరపాటున మీరు మాకు మంచి చేశారు.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. అనుమతి లేకుండానే మేము మోటారు తెచ్చాం. ఇస్సాకు గారు దాన్ని బల్లకు బిగించారు. ఆటో మెకానిక్ దగ్గర పాత బేరింగు దొరికింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో కొత్త కాటా కొనుక్కుని తూకం రాళ్లు పక్కన పడేసిన ఒకామె మూడు రాళ్లు ఇచ్చింది. బీరువా వెనక ఏళ్లుగా తుప్పుపడుతున్న కడ్డీలు ఉంటే రుద్ది, నడుము సన్నగా చేసుకున్నాం. మొదటిరోజు మిషన్ గడ్డి వాసన కొట్టింది.

ఆశ్రిత స్టాప్‌వాచ్ పట్టుకుంది. కడ్డీ తిరగడం మొదలుపెట్టింది. అరగంట గడిచింది, ఏమీ కాలేదు. పిల్లలు ఇంతవరకు ఏ అంకె కోసమూ ఎదురుచూడలేదు, పుస్తకంలో ఉండేది కదా. గంట దాటింది. భోజనానికి ఎవరూ లేవలేదు. రెండు గంటల పది నిమిషాలకు టప్‌మని చిన్న చప్పుడు, రాయి ఇసుక సంచి మీద పడింది. ఆశ్రిత లెక్క వేసింది. లక్షా ఎనభై ఏడు వేల రెండు వందలు. తర్వాత పాత రికార్డు తెరిచి చూసి, మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మాది తప్పొచ్చింది."

"తప్పెందుకు అవుతుంది? నువ్వు చూశావు కదా."

"బుక్కుల వేరే ఉంది మేడమ్. మార్కులు కట్ చేస్తరు."

ఇస్సాకు గారు విరిగిన ముక్కను ఆమె చేతిలో పెట్టారు. "బుక్కు ఇరిగిందా బిడ్డా, కడ్డీ ఇరిగిందా? ఏది ఇరిగితే దాన్నే రాయి."

ఆమె రాసింది. పద్దెనిమిదేళ్లలో మొదటి అంకె. ఇప్పటికి తొమ్మిది కడ్డీలు విరిగాయి, ఏ రెండు అంకెలూ ఒకటి కావు. ఏ ప్రయోగశాలలు ఉంచాలో తేల్చడానికి పాఠ్య ప్రణాళికా మండలి సెప్టెంబరు 25న కూర్చుంటుందని తెలిసింది. ఈ గదిలో ప్రయోగం నడుస్తోందని మీరు ఒక్క వాక్యం రాసి వారికి పంపితే చాలు.

ఆ ఒక్క వాక్యం కోసం,
జె. స్వీటీ

తా.క.: మాత్రలు రెండు పట్టీలు జతపరిచాను. భోజనం తర్వాత వాడండి.

•

ప్రధాన కార్యాలయం,
సెప్టెంబరు 12.

కుమారి జె. స్వీటీ గారికి,

మీ పేరు సవరించడమైనది. సవరించిన పేరు మీదనే ఈ కింది అభియోగం మోపడమైనది.

మీరు చెప్పు యంత్రం విశ్వవిద్యాలయం కొన్నది కాదు. కావున అది లేదు. లేని యంత్రం నడుచుచున్నదని ఈ కార్యాలయం రాయజాలదు. అయితే తొమ్మిది కడ్డీలు విశ్వవిద్యాలయానివి. వాటిని ఆగస్టు నెలలో, సదరు గదిలో, విద్యార్థుల సమక్షంలో, ఒకదాని తర్వాత ఒకటి, సమయం చూసుకుని మరీ విరిచినట్లు మీ ఉత్తరంలో మీరే అంగీకరించినారు. మీపై శాఖాపరమైన విచారణ ప్రారంభించడమైనది. పది రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.

ఫైలు తెరిచి ఉంచుతూ,
బాబురావు, సూపరింటెండెంట్

తా.క. (చేతిరాత): మాత్రలు ముట్టినయి. మెట్లు ఇంకా గంతే ఉన్నయి.

•

హుస్సేనీ ఆలం,
సెప్టెంబరు 16.

బాబురావు గారికి,

సంజాయిషీ ఇది. తొమ్మిది కడ్డీలను నేనే విరిచాను. ఇస్సాకు గారికి గాని, పిల్లలకు గాని సంబంధం లేదు. విరగడం కోసమే వాటిని తిప్పాను. అది నేరమని నాకు తెలియదు.

నాకు పాఠం చెప్పడం ఇష్టం. మాట్లాడటం రాని నేను, ఆ గదిలో నలభై మంది ముందు గంటసేపు మాట్లాడగలను. అది ఎందుకో నాకే అర్థం కాదు. కానీ మూడు నెలలుగా మీకు ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కటి కూడా పెద్ద దెబ్బ కాదు. తీపి, గేదెలు, మాత్రలు, అన్నీ చిన్నవే. లోపల ఏమవుతుందో నేనే క్లాసులో చెప్పే మనిషిని కాబట్టి నాకు తెలుసు.

రాజీనామా జతపరుస్తున్నాను. మండలికి ఆ ఒక్క వాక్యం మాత్రం రాయండి. గది ఉంటే ఇంకెవరైనా వచ్చి చెబుతారు.

ఇక సెలవు,
జె. స్వీటీ

తా.క.: ఏమీ లేదు.

•

మొఘల్‌పురా,
సెప్టెంబరు 30.

స్వీటీ గారికి,

ఈ ఉత్తరానికి నంబరు లేదు. ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఈ సాయంత్రం అయిదింటితో నా సర్వీసు ముగిసింది.

మీ రాజీనామా ఇందులోనే వెనక్కి పంపుతున్నాను. విచారణలో ఉన్నవారి రాజీనామా తీసుకోకూడదని నిబంధన. వారిని ఉద్యోగంలోంచి తీసేయకూడదు కూడా. కాంట్రాక్టు గడువు ముగిసినా, విచారణ తేలేదాకా కొనసాగించవలసిందే. అందుకే మీ మీద విచారణ పెట్టాను.

మీ మొదటి ఉత్తరం నాకు మొదటిసారికే అర్థమైంది. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. మీ గది ఖాళీ చేయించే ఉత్తర్వు అప్పటికే టైపై నా బల్ల మీద ఉంది. ఒక గది గురించి ఉత్తరాలు నడుస్తుండగా దాన్ని స్వాధీనం చేసుకోకూడదు. యంత్రం ఇవ్వలేమని నేను రాసి ఉంటే ఒక్క కాగితంతో తేలిపోయేది. అందుకని అర్థం చేసుకోవడం మానేశాను. ర్యాగింగ్ సంఘంతో కొన్ని రోజులు, మీ పేరుతో కొన్ని రోజులు, గేదెలతో కొన్ని రోజులు గడిచాయి. ఐరన్ మాత్రలు మాత్రం నా పని కాదు. ఆ డాక్టరు నిజంగానే అలా అర్థం చేసుకున్నాడు.

ఇరవై అయిదున మండలి కూర్చుంది. గది వాడుకలో ఉందనడానికి ఋజువేమిటని అడిగారు. మీ యంత్రం వాళ్లకు కనబడదు, కొనలేదు కాబట్టి. విరిగిన కడ్డీలు కనబడతాయి, నష్టం కాబట్టి. మీ మీద రాసిన అభియోగం లేచి నిలబడి చదివాను. ఆగస్టు నెలలో, సదరు గదిలో, విద్యార్థుల సమక్షంలో, సమయం చూసుకుని మరీ. గదిని జాబితాలోంచి కొట్టేశారు. కొత్త పాఠ్య ప్రణాళికలో అలసట పరీక్షకు ఎదురుగా మీ ప్రయోగశాల పేరు రాశారు.

మీకు ముందే చెప్పవలసింది. చెబితే మీ ఉత్తరాల్లో కోపం తగ్గేది. కోపం లేని ఉత్తరాన్ని మా ఆఫీసులో ఎవరూ ఫైలులో పెట్టరు. అయినా చివరి ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అంత దూరం వెళుతుందనుకోలేదు. క్షమించండి.

ముప్ఫై ఒక్కేళ్లలో పదకొండు గదులు మూసిన కాగితాలు నా చేతి మీదుగా వెళ్లాయి. ఆ గదుల కోసం వచ్చినవన్నీ చక్కగా రాసిన ఉత్తరాలే. అన్నీ వెంటనే అర్థమయ్యాయి, అదే రోజు జవాబు రాశాను.

మీ విచారణకు ఇంకా అధికారిని వేయలేదు. వేసినప్పుడు కడ్డీలు మీరు విరవలేదని వాదించకండి. పూర్తిగా ఒప్పుకోకండి కూడా. ఒక్కో కడ్డీ గురించి ఒక్కో ఉత్తరం రాయండి. తొమ్మిది ఉన్నాయి. ఈలోగా మరికొన్ని విరవండి.

మీరు నిర్దోషి అని ఎప్పటికీ తేలకూడదని కోరుకుంటూ,
బాబురావు

తా.క.: రేపటి సంది నా కుర్చీల రవీందర్ అని కొత్తాయన కూసుంటడు. మంచోడు, ఇంజనీరింగ్ చదివిండు. ఏ ఉత్తరమైన ఒక్కసారి చూస్తే అర్థం జేసుకుంటడు. పైలం మేడమ్.